జపాన్ కోచ్‌కి నేను పెట్టిన నమస్కారం

నమస్కారం పెట్టి ఎదుటి మనిషి నుదుటికి బొప్పి కట్టించిన మొనగాణ్ని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇటు చూడండి. ఆ ఘనకార్యం చేసింది నేనే. అదీ ఎవరికనుకున్నారు? జపాన్ నుంచి విమానాలు మారి మారి మా జంషెడ్‌పూర్ వచ్చిన మోరినో గారికి.

మోరినో గారంటే మాటలు కాదు. వాళ్ల దేశంలో ఏళ్ల తరబడి ఫుట్‌బాల్ మిడ్‌ఫీల్డ్‌లో ఆడి, రెండు మోకాళ్లకూ ఆపరేషన్లయ్యాక కూడా ఆడి, ఇక కాళ్లు మొరాయిస్తే కోచ్‌గా మారిన మనిషి. ఆయన పాత వీడియోలు ఫోన్లో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. బంతి అందేదాకా ఆయన మామూలు మనిషే. అందాక మాత్రం మైదానమంతా ఆయన చెప్పినట్టు వినేది. గోల్‌మురిలో నాన్నకు కంపెనీ ఇచ్చిన క్వార్టర్ గోడ మీద, దేవుడి క్యాలెండర్ పక్కనే ఆయన బొమ్మ అతికించాను. మా అమ్మ రోజూ దానిక్కూడా అగరుబత్తి తిప్పేసేది.

అలాంటాయన మా క్లబ్బుకు కోచ్‌గా వస్తున్నారు, కుర్రాళ్లను ఆయనే ఎంపిక చేస్తారు అని తెలిశాక నాకు నిద్ర లేదు. నాన్నకు ఆ బాధేమీ లేదు.

"ఈపాలి టీములో నీ పేరు నేపోతే బంతి అటకెక్కించీ. అప్రెంటిస్ పరీచ్చకి సదువు. మల్లీ మల్లీ సెప్పను," అన్నాడు, డ్యూటీకి స్కూటర్ తీస్తూ.

అమ్మ దారి వేరు. "ఆరు పెద్దోరు. ఎల్లగానే కాల్లకి దండం ఎట్టు. అందరికన్నా ముందు నువ్వే ఎట్టు," అంది.

"జపానోల్లకి ఆ అలవాటు ఉండదమ్మా."

"ఏ దేశపోల్లకైనా కాల్లుంటాయి కదేట్రా! గబుక్కున వంగాల. పెద్దోరు 'వద్దు బాబూ' అని బుజాలట్టుకుని లేపేత్తారు. ఆరు లేపీలోపు నువ్వు కాల్లు అందుకోవాల."

ఈ సూక్ష్మం మీకూ తెలిసే ఉంటుంది. నెమ్మదిగా వంగితే దండం మోకాళ్ల దగ్గరే ఆగిపోతుంది. వేగంగా వంగినవాడికే ఆశీర్వాదం పూర్తిగా దక్కుతుంది. కాబట్టి కుర్చీని కోచ్ అనుకుని ఇంట్లో తెగ సాధన చేశాను. బయల్దేరేముందు జుట్టుకు జెల్ రాశాను. ఆ జుట్టు చెదురుతుందని, పైనుంచి వచ్చే ఏ బంతినీ నేను తలతో కొట్టేవాణ్ని కాదు. ఈ సంగతి నాన్నకు తెలియదు.

గోల్‌మురి మైదానంలో కుర్రాళ్లమంతా వరుసగా నిలబడ్డాం. మా మేనేజర్ తివారీజీ వెంట మోరినో గారు వచ్చారు. పొట్టిగా, సన్నగా, నెరిసిన జుట్టుతో. గోడ మీది బొమ్మ లేచి గడ్డి మీద నడిచి వస్తున్నట్టే ఉంది. వరుసలోంచి ముందుకు దూకి, మెరుపులా వంగాను.

సరిగ్గా అప్పుడే ఆయనా వంగారు!

జపాన్ వాళ్లు నడుం వంచి నమస్కారం పెడతారని నాకు తెలియదా? వీడియోల్లో బోలెడుసార్లు చూశాను. కానీ నాలాంటి కుర్రకుంకకు కూడా అంత నిండుగా వంగుతారని కలలోనైనా అనుకోలేదు.

ఠంగ్! గుళ్లో కొబ్బరికాయ కొట్టినట్టు మోగింది. ఆయన గడ్డి మీద చతికిలబడ్డారు.

"అరే పాగల్! యే క్యా కియా?" అని తివారీజీ కేకేశాడు.

"కాళ్లకు మొక్కుదామని సార్..." అన్నాను హిందీలో గొణుగుతూ.

"కాళ్లు కింద ఉంటాయిరా, కింద!"

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. కాలు మొక్కనేల, తల పగలనేల అని నేను కలుపుతున్నాను. ఆయన నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి లేచింది. నా కళ్ల ముందు మా అటక కనపడింది.

ఆయన ఆసుపత్రికి పోతారనుకున్నాం. ఆయనేమో నుదుటికి రుమాలు కట్టుకుని, మాతో ఆడటానికి మైదానం మధ్యలోకి నడిచారు. ఆయన్ను అడ్డుకోవాల్సింది నేనే. అబ్బ, ఆ ఆట ఎలా చెప్పను! ఆయన ఒక్క అడుగు కూడా పరుగెత్తలేదు. బంతి రాకముందే మెడ అటూ ఇటూ తిప్పి చూసుకునేవారు. వచ్చాక ఒక్క తాకు, అంతే, అది ఎవరికి చేరాలో వాళ్ల పాదం ముందుండేది. తీర్థంలో తప్పిపోయిన పిల్లాడిలా ఆయన చుట్టూ తిరిగాను. బంతి నాకు ఒక్కసారీ అందలేదు. సిగ్గుపడటం మాని నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. ఇంత గొప్ప ఆటను ఇంత దగ్గర్నుంచి చూడటానికి ఏ జన్మలో పుణ్యం చేసుకున్నానో!

ఇంతలో బంతి పైకి లేచి మా ఇద్దరి మీదికి దిగింది. అలవాటు కొద్దీ నేను తల వంచేశాను. ఆయన ఆ బొప్పితోనే ఎగిరి కొట్టారు! బంతి పోయి దూరాన ఉన్న మావాడి కాలి దగ్గర బుద్ధిగా వాలింది. నొప్పి ఆయనదైతే కళ్లలో నీళ్లు నాకు తిరిగాయి.

ఆట అయ్యాక నా దగ్గరికొచ్చి, జపానీ ఇంగ్లీషు కలిపి ఏదో చెప్పారు. తివారీజీ పొట్ట పట్టుకుని నవ్వి, హిందీలోకి మార్చాడు.

"ఇవాళ నువ్వు తలతో కొట్టింది ఒక్క దెబ్బేనట. అదీ ఆయన్నేనట. దెబ్బ మాత్రం భలే ఉందట! దాన్ని బంతికి తగిలించడం నేర్పుతారట. టీములో నీ పేరు రాసుకున్నారు. రేపొద్దున్నే వచ్చెయ్."

ఇంకేముంది, బంతి అటకెక్కదు! ఆనందం పట్టలేక, ఆయన కాళ్ల కోసం మళ్లీ గబుక్కున వంగాను.

ఆ మహా మిడ్‌ఫీల్డర్ ఆ రోజు మొదటిసారి పరుగెత్తారు. రెండు చేతులతో నుదురు పట్టుకుని, వెనక్కి!

అందుకే గోల్‌మురి గడ్డి సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట ఎంతటి మహానుభావుడు ఎదురైనా ముందు కుర్చీ వేస్తాను. ఆయన కూర్చుని, వీపు కుర్చీకి ఆనించాకే కాళ్లకు దండం పెడతాను.