శ్యామలాంబ కంద బచ్చలి

తణుకు పక్కన ఓ ఊళ్ళో పెళ్ళి ఎవరింట జరిగినా కంద బచ్చలి కూర మాత్రం శ్యామలాంబ చేతి మీదుగా దిగాల్సిందే. డబ్బుకి కాదు, పేరుకి. నోరు దురదపెట్టకుండా కంద వండడం ఆవిడకే చేతనవునని ఊరందరికీ తెలుసు. ఎవరైనా మరిచిపోతే ఆవిడే గుర్తుచేసేది. అలాంటి మనిషి పరువు సొంత అల్లుడి పెదవి మీద పోయింది.

అల్లుడు గున్నేశ్వరరావుకి రాజమండ్రిలో బట్టల కొట్టు. అత్తారింటికి వచ్చినప్పుడల్లా, భోంచేసి కాసేపు పడుకుని లేచేసరికి కింది పెదవి ఎడమ పక్క ఉబ్బి, నల్లబడి, పొక్కేది. ప్రతిసారీ అదే చోట. మొదటిసారి చీమ కుట్టిందనుకున్నారు. రెండోసారి ఇంటిల్లిపాదీ కూరగిన్నె వంక చూశారు.

"కంద దురద పూర్తిగా పోలేదేమో అత్తయ్యగారూ," అన్నాడతను మర్యాదగానే. ఆ మర్యాదే ఆవిడకి మరీ మండింది.

మాఘమాసంలో అదే ఊళ్ళో చంద్రరావుగారింట పెళ్ళికి కంద వండడానికి వేరేవాళ్ళని పిలిచారు. శ్యామలాంబ తలుపేసుకుని ఏడ్చింది. అడిగితే ఉల్లిపాయలంది.

తర్వాత అల్లుడొస్తే పప్పుచారుతో సరిపెట్టింది. పెదవి ఉబ్బింది. ఆపైన ఉత్త మజ్జిగన్నం పెట్టింది. అయినా ఉబ్బింది. ఈసారి అల్లుడు ఏకంగా తల్లి వండిచ్చిన క్యారేజీతో దిగాడు. ఆవిడ నవ్వు మొహంతోనే విస్తరేసి, అతను బస్సు దిగి వచ్చిన దగ్గర్నుంచీ నోట్లోకి ఏం పోతోందో కాపలా కాసింది.

సాయంత్రానికి పెదవొక్కటే కాదు, నోరంతా పొక్కింది. కళ్ళు ఎర్రబడ్డాయి. ఒంటి మీద అక్కడక్కడ చర్మం కాలినట్టు లేచొచ్చింది. 'మీ అమ్మగారి వంటే కదండి' అన్న మాట శ్యామలాంబ నాలిక చివరి దాకా వచ్చింది గానీ, కూతురు మీనాకుమారి మొహం చూసి మింగేసింది. అల్లుణ్ణి కారెక్కించి తణుకు తీసుకెళ్ళింది.

"మందులేమైనా వాడారా?" అనడిగాడు డాక్టరు.

"లేదండి," అన్నాడతను మాట సరిగా రాని నోటితో.

"అదేంటి బాబూ, రాగానే బిళ్ళ వేసుకున్నారు కదండి. అప్పటికి క్యారేజీ ఇంకా విప్పనే లేదు," అంది శ్యామలాంబ.

"అది మందేంటండి, తలనొప్పి బిళ్ళ. బస్సెక్కితే తల పగిలిపోద్ది. కిరాణా కొట్లో సబ్బుతో పాటు కొంటాను."

డాక్టరు కలం కింద పెట్టాడు. ఆ బిళ్ళ ఈయన ఒంటికి పడదనీ, అందుకే పొక్కు వచ్చిన చోటే మళ్ళీ వస్తోందనీ, ఇంకోసారి వేసుకుంటే ప్రాణం మీదికొస్తుందనీ చెప్పి ఆస్పత్రిలో చేర్చుకున్నాడు. కొత్త చర్మం వచ్చేదాకా శ్యామలాంబే పక్కన కూర్చుని చెంచాతో జావ పట్టింది. కంద మాట ఒక్కసారీ ఎత్తలేదు. అతను బతికితే చాలని మొక్కుకుంది.

మళ్ళీ పెళ్ళిళ్ళ రోజులొచ్చాయి. పిలిచారు గానీ, జనానికి అనుమానం పోలేదు. శ్యామలాంబ గరిటె పట్టుకుని బంతి ముందు నిలబడితే విస్తళ్ళకి చేతులు అడ్డం పడ్డాయి. గున్నేశ్వరరావు నల్లమచ్చ పెదవితో వచ్చి మొదటి విస్తరి ముందు కూర్చున్నాడు.

"నాకెయ్యండి అత్తయ్యగారూ. అందరూ చూస్తారు."

అతను మజ్జిగ దాకా వచ్చేవరకు బంతంతా అతని పెదవి వంకే చూసింది. ఆ తర్వాత కూర చాల్లేదు.