వీపు మీద వంటల కమిటీ

2006లో బహ్రెయిన్‌లో ఒక చిన్న కాలేజీలో క్లర్కుగా పనిచేసేదాన్ని. పిల్లల ఆటల జట్టును చూసుకునే పనీ నాదే. ఆటలకిచ్చే డబ్బు బంతులకే సరిపోయేది. అక్కడి అవాలి అనే ఊళ్లో వాలీబాల్ పోటీకి ఒకే రంగు జెర్సీలు లేకపోతే ఆడనివ్వం అన్నారు. మా తెలుగు చర్చి క్రిస్మస్ టీషర్టులు తెచ్చి మా జట్టు పిల్లలకు తొడిగించాను. వీపు మీద తెలుగులో ‘వంటల కమిటీ’ అని ఉంది. చదివేవాళ్లెవరులే అని, రిఫరీ అడిగితే కాలేజీ పేరని చెప్పేశాను.

ఆట మధ్యలో, గ్రౌండులో పనిచేసే కరీంనగర్ ఆయనొకరు నన్ను చూసి, “ఏందక్కా, వంటోళ్లు గిట్ల ఎగురుతున్నరు! బిర్యానీ ఏడుంది?” అని అరిచాడు.

బిర్యానీ అన్న మాట రిఫరీకీ తెలుసు. నావైపు తిరిగాడు. ఆయన అడిగేలోపే ఇంగ్లీషులో అనేశాను:

“గెలిస్తే పిల్లలకు పెడతానన్నానండీ!”

అది విని మా పిల్లలు రెచ్చిపోయి ఆడి గెలిచేశారు. శుక్రవారం సెలవునాడు పన్నెండు మందికీ నేనే వండాను. అబద్ధానికి శిక్ష అన్నారు మావారు. ఆ పూట నా ఒంటి మీదా ఆ టీషర్టే. దానిమీద రాసింది మాత్రం నిజమే కదా!