ఎస్టిమేట్‌లో లేని చెట్టు

ఇప్పుడొచ్చే రబ్బరు చెప్పుల అడుగు అప్పడం కంటే పలచగా ఉంటోంది. కొత్త జతే, అయినా ముందురోజు అక్కావాళ్ల వాకిట్లో ముల్లు నేరుగా మడమలో దిగింది. పిన్నీసుతో దాన్ని పీకుతుంటే మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామా, నాయన పోయినాడు" అన్నాడు. ముల్లు సగంలోనే వదిలేసి బయల్దేరాను.

పోయింది మా బావ, మా అక్క మొగుడు. మార్కాపురం పలకల క్వారీలో మేస్త్రీగా చేసి మానుకున్న మనిషి. రాష్ట్రం విడిపోయిన కొత్తలో ఊరి చివర ఇల్లు కట్టాడు. ముందంతా పలకరాయి పొట్టే, ఎండపడితే కళ్లు చెదిరేవి. అక్కకు మోకాళ్లు పట్టేసి ఇంట్లోనే ఉండిపోయింది. "వాకిట్లో ఇంత పచ్చగుంటే కుర్చీ ఏసుకుని కూచుంటా" అని ఒక్కసారి అన్నది. అంతే, ఒంగోలు నుంచి తోటలు వేసే కాంట్రాక్టరు దిగాడు.

కాంట్రాక్టరు ఎస్టిమేట్ చదువుతున్నాడు, బావ కొట్టేయిస్తున్నాడు.

"ఎర్రమన్నండీ, రెండు ట్రాక్టర్లు."

"మా చేన్లో ఉంది. కొట్టెయ్."

"పశువుల ఎరువండీ."

"గొర్రెల మంద తోలిస్తా. కొట్టెయ్."

"మరి నీళ్లు?" అన్నాను నేను.

"అవి మీవే కదండీ" అన్నాడు కాంట్రాక్టరు.

"బోరు ఉంది గదరా" అన్నాడు బావ.

"బోరు ఉంది బావా. నీళ్లే లేవు."

"నీకు అన్నీ ఎగతాళే. నోరు మూసుకో."

మా వైపు చేనుకు బలం కావాలంటే రాత్రిళ్లు గొర్రెల మందను అందులో పడుకోబెడతారు. బావ ఇంటి ముందు అదే చేయించాడు. ఆ గొర్రెలు ఎండాకాలమంతా తిన్నది తుమ్మకాయలు. పెంటికల్లో గింజలుంటాయని బావకు తట్టలేదు, నాకూ తట్టలేదు. కాంట్రాక్టరు గడ్డి పరిచి, గులాబీలు నాటి వెళ్లిపోయాడు. కొన్న ట్యాంకరు నీళ్లు తాగి ముందుగా లేచింది తుమ్మే.

ఆ ఏడంతా నాకు విసుగే. ఎప్పుడు వెళ్లినా బావ గొంతుక్కూచుని తుమ్మమొక్కలు పీకుతుండేవాడు, నన్నూ పక్కన కూచోబెట్టేవాడు. గడ్డి ఎండింది. గులాబీలు ఒక్కొక్కటే పోయాయి. అన్నం తిని చెయ్యి కడిగినా మొక్క మొదట్లోనే కడిగేవాడు. "ఎట్లాగూ కింద పడే నీళ్లే. మొక్క మీద పడితే ఏం పోయింది" అనేవాడు.

"ఇంక మానుకో బావా" అంటే, "మీ అక్క ఇన్నేళ్లలో అడిగింది ఇదొక్కటేరా" అనేవాడు. ఆ మాటకు నాకు ఇంకా ఒళ్లు మండేది. అంత ప్రేమున్న మనిషికి ఎరువు దగ్గరే పీనాసితనం రావాలా?

తర్వాత బావ కళ్లకు పొరలొచ్చాయి. గోడవారన ఒక మొక్కకు నర్సరీ వాళ్ల గులాబీ చీటీ వేలాడుతుంటే వేళ్లతో తడిమాడు. ముల్లు గుచ్చుకుంది.

"ఒకటి బతికిందే" అని అక్కను కేకేశాడు.

అక్క తలుపు దగ్గర నుంచి మొక్కను చూసింది, తర్వాత నన్ను చూసింది. అప్పటినుంచి తన స్నానం నీళ్లన్నీ దానికే.

కంటి ఆపరేషన్ అయ్యేసరికి ఆ మొక్క మనిషెత్తు దాటింది. కట్టు విప్పించుకుని వచ్చిన రోజు బావ దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. నరికేస్తాడనుకున్నాను. చీటీని మాత్రం కొంచెం పై కొమ్మకు మార్చి కట్టాడు. ఎవరైనా అడిగితే, "గులాబీ. ఒంగోలు నర్సరీది" అనేవాడు. నా వైపు మాత్రం చూసేవాడు కాదు.

అక్క కుర్చీ ఆ నీడలోకే చేరింది. మొన్న బావను పడుకోబెట్టిందీ అక్కడే. రంగు వెలిసిన చీటీ అక్క తల మీద గాలికి తిరుగుతోంది.

ఇప్పుడు చెబుతున్నాను. ఎండిన గులాబీ నుంచి ఆ చీటీ విప్పి తుమ్మకు కట్టింది నేనే. రెండు రోజులు నవ్వుకుందామని కట్టాను. నా మడమలో ఉన్న ముల్లు కూడా ఆ చెట్టుదే. ఇంకా తీయలేదు.