పెట్రోలు మూత మీద గంధం

తొంభైల్లో తిరుపతిలో, రేణిగుంట రోడ్డులోని ఒక షెడ్డులో నేను పెద్ద మేస్త్రీని. అంబాసిడరుకు ఏ జబ్బు చేసినా నా దగ్గరికే రావాలి. అట్లాంటి చోటికి ఓనరు చిత్తూరు నుంచి ఇంకో మేస్త్రీని తెచ్చిపెట్టాడు. మనిషి నెమ్మది. సెల్ఫు కొట్టిన చప్పుడు విని, సైలెన్సరు దగ్గర వాసన చూసి జబ్బేదో చెప్పేసేవాడు. నాకు ఒళ్లు మండేది. కుళ్లే, ఇంకేం కాదు. నెల తిరక్కుండానే బండ్లవాళ్లు నన్ను దాటుకుని ఆయన దగ్గరికి పోసాగారు. నాకు మిగిలింది వడమాలపేట మామిడితోటల ఆసామి ఒక్కడే. పదేళ్లుగా ఆయన కారు మీద నేను తప్ప ఎవరూ స్పానరు పెట్టలేదు.

దసరా అయిన వారానికి ఆ కారే మొండికేసింది. నాలుగైదు మైళ్లు బాగా పోయి ఆగిపోతుంది. కాసేపుంటే మళ్లీ స్టార్టవుతుంది. కార్బొరేటరు రెండుసార్లు విప్పి కడిగాను. పెట్రోలు పంపు కొత్తది వేశాను. అయినా మూడోసారీ దారిలో నిలబెట్టేసింది.

"ఈసారికి ఆయప్పను సూడనీప్పా" అన్నాడు ఓనరు.

నా ఆసామి తల వంచుకున్నాడే గానీ వద్దనలేదు.

ఆసామి, చిత్తూరు మేస్త్రీ, నేను కార్లో బయల్దేరాం. పుత్తూరు దారిలో ఆగిపోగానే చిత్తూరాయన బానెట్టు జోలికే పోలేదు. నేరుగా వెనక్కి పోయి పెట్రోలు ట్యాంకు మూత తిప్పాడు. ఉస్సుమని గాలి లోపలికి పోయింది. కారు వెంటనే స్టార్టయింది. గాలి పోవడానికి ఆ మూతకు సన్న బెజ్జం ఉంటుంది. అది పూడిపోతే పెట్రోలు ఇంజనుకు అందదు. తెలీని సంగతేం కాదు, నాకు తట్టలేదంతే.

బెజ్జంలో గట్టిపడి ఉన్నది గంధం. ఆయుధ పూజ రోజు ఆ కారుకు గంధం, కుంకుమ పెట్టింది నేనే. నా ఆసామి బండి కదా అని పెట్రోలు మూతకు కూడా దట్టంగా మెత్తాను. అప్పుడు చిత్తూరాయన నా పక్కనే ఉన్నాడు.

పిన్నుతో ఆ గంధం తీసి వేళ్ల మధ్య నలిపి, నా వైపు చూశాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

"ఏముండాదప్పా దాంట్లో?" అన్నాడు ఆసామి.

"దుమ్మన్నా. మేస్త్రీ అన్నీ సక్కంగానే చేసినాడు. ఇది ఎవురికీ కనపడదు."

ఆ తర్వాత కూడా ఆసామి నా దగ్గరికే వస్తుండేవాడు. నేనైతే గంధమనే చెప్పేవాణ్ణి, షెడ్డంతా వినేట్టు చెప్పేవాణ్ణి. పనిలో నాకన్నా పైవాడని ఎట్లాగో సర్దుకున్నాను. ఆ ఒక్క అబద్ధానికి మాత్రం ఆయన్ని ఇప్పటికీ క్షమించలేకున్నాను.