జొన్నల కుండలో మిట్టూ

కడపలో మా కూతురింట్లో సాయంత్రం ఆరున్నర అయ్యిందంటే టీవీ గొంతు తగ్గించాలి. బైబిలు వాక్యం చెప్పే కార్యక్రమమైనా సరే, తగ్గించవలసిందే, ఎందుకంటే అది మా మనవరాలి పక్షి పడుకునే వేళ. కాలేజీకి పోయే పిల్ల, పొద్దున తన దుప్పటి తాను మడిచి పెట్టదు గానీ, ఆ పంజరాన్ని మాత్రం రెండు చేతులతో మోసుకుపోయి లోపలి చిన్న గదిలో పెట్టి, నల్లటి మందపు గుడ్డ చుట్టూ కప్పి, గాలికి ఒక పక్క సందు వదిలి, లైటు ఆర్పి తలుపు దగ్గరికి వేస్తుంది. ఇక మళ్ళీ పొద్దున ఆరున్నర దాకా ఆ గదిలోకి ఎవరూ పోకూడదు. అది రామచిలుక కాదులెండి, మన చిలుకలను ఇళ్ళల్లో పెంచడం ఇప్పుడు నేరమట. ఇది బూడిదరంగు ఒళ్ళూ, పసుపు తలా, కుంకుమ అద్దినట్టున్న బుగ్గలూ గల బయటి దేశపు జాతి, కాకటీల్ అంటారట. మొదట్లో నాకు నవ్వొచ్చేది. మన కాలంలో బాలింతకు కూడా ఇంత మర్యాద జరగలేదు కదా అని ఎగతాళి చేసేదాన్ని.

మొన్న ఒక మధ్యాహ్నం ఆ పిట్ట నా ఒళ్ళోకి వచ్చి కూర్చుంటే, ముద్దొచ్చి మెడ నుంచి తోక దాకా నిమిరాను. మనవరాలు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"అవ్వా, వీపు నిమరాకు! తల మీద గోకితే సాలు."

"ఏమ్మే, నా చేతికేమన్నా ముళ్ళుండాయా?" అన్నాను.

అప్పుడు కూర్చోబెట్టి చెప్పింది. వీపు మీద, రెక్కల కింద చేయి వేసేది దాని జతగాడో జతగత్తో మాత్రమేనట, ఆ చేయి మనదైతే అది మనల్నే జత అనుకుంటుందట. రాత్రిళ్ళు లైటు వెలుతురు పడినా, దూరడానికి చీకటి గూడులాంటిది దొరికినా, వెచ్చగా మెత్తగా తిండి పెట్టినా, పిల్లల్ని చేసే కాలం వచ్చిందని దాని ఒంట్లో హార్మోన్లు పొంగుతాయట, అప్పుడిక కరవడం, అరవడం, దగ్గరికి వచ్చినవాళ్ళ మీద పడడం. అందుకే ఈ మధ్య గంట ముందే పండుకోబెడుతోందట, అది దూరే అట్టపెట్టె కూడా తీసేసిందట. ఆ పిల్ల చెబుతూ ఉండగానే పిట్ట ఆమె వేలి మీదికెక్కి, తల రెండు మూడుసార్లు కిందికీ పైకీ ఊపి, మెడ సాచి, నానిన గింజలు నాలుగు కక్కింది.

"అయ్యో, కక్కుకుంటాంది సూడు, జబ్బేమో!" అని నేను లేచాను.

"జబ్బు కాదవ్వా," అని నవ్వింది. "జతకు తిండి పెడతాంది. కడుపులోది తీసి నాకు పెడతాంది, నేనంటే అంత పేమ దానికి."

నేను పెరట్లోకి పోయి, ఇంకా తడి ఆరని గుడ్డలను తీగ మీంచి తీయడం మొదలుపెట్టాను. నలభై ఏళ్ళకు పైగా నేను ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉంది. చర్చిలో ప్రభు భోజనానికి ముందు కళ్ళు మూసుకొని పాపాలు ఒప్పుకొమ్మంటే, అత్తను తిట్టుకున్నది ఒప్పుకున్నాను, పక్కింటి కరివేపాకు అడగకుండా కోసింది కూడా ఒప్పుకున్నాను. ఇదొక్కటి మాత్రం నోటి దాకా రానివ్వలేదు.

నేను మూడో తరగతితో బడి మానినదాన్ని, అక్షరాలు నిలిచింది సండే స్కూలు పుణ్యాన. కోడుమూరు దగ్గర పల్లె నుంచి పెళ్ళయి ఎర్రగుంట్లకు వచ్చాను, మా ఆయనకు అక్కడ సిమెంటు ఫ్యాక్టరీలో మూటలెత్తే పని. నాపరాళ్ళ కప్పు, ఒకటే గది, వెనక చిన్న వంటిల్లు. ఆ గదిలో మేమిద్దరం కాక మా ఆడబిడ్డ ఉండేది. మా అత్తోళ్ళదీ కోడుమూరు పక్క పల్లే, అక్కడ పెద్దబడి లేదని ఆ పిల్లను మా దగ్గర పెట్టారు, వచ్చేటప్పటికి తొమ్మిదేళ్ళు, నూనె కారే రెండు జడలు. ఎక్కడున్నా "వది...నా" అని సాగదీసి పిలిచేది, ఆ పిలుపు వీధి మొదట్లో వినబడితే నేను పొయ్యి మీద సంగటి కలిపేదాన్ని.

ఒక గాలివానకు బడి దగ్గర ఎండిపోయిన చెట్టు కూలితే, దాని తొర్రలోంచి ఈకలైనా రాని చిలుక పిల్లను పావడాలో కట్టుకొని తెచ్చింది. అది బతుకుతుందని ఎవరమూ అనుకోలేదు. రాగిసంగటిని వేడిగా ఉండగానే నీళ్ళలా మెదిపి, నేను నోట్లో పెట్టుకొని దాని ముక్కుకు అందించాను. అది బతికింది. పక్కింటి సాయిబులామె దానికి మిట్టూ అని పేరు పెట్టింది. పంజరం కొనలేదు, నోరు పగిలిన జొన్నల కుండను గోడ గూట్లో అడ్డంగా పెట్టి, నా పాత చీర చింపి లోపల మెత్తగా పరిచాను. అందులోనే పడుకునేది. ఇల్లంతా తిరిగేది, ఎగిరేది, నా భుజమ్మీద కూర్చొని చెవికమ్మ లాగేది. పొయ్యి దగ్గర కూర్చున్నంత సేపూ నా ఎడమచేయి దాని వీపు మీదే ఉండేది. దానికి వచ్చింది ఒకటే మాట, మా ఆడబిడ్డ పిలిచినట్టే సాగదీసి "వది...నా" అని.

ఇంట్లో ఉన్నది ఒకే కిటికీ. దాని కింద కూర్చొని మా ఆడబిడ్డ పొద్దున్నే చదువుకునేది, బడికి పోయే ముందు రెక్కలు మూసి గడియ వేయడం ఆ పిల్ల పని, మిట్టూ ఎగిరిపోకుండా. ఒక్క రోజు మరిచింది లేదు. మా ఆయనకు రాత్రి షిఫ్టులూ పగటి షిఫ్టులూ మారుతుండేవి, ఏ వేళ వస్తాడో ఏ వేళ తింటాడో అని మా ఇంట్లో బల్బు ఎప్పుడూ వెలుగుతూనే ఉండేది. ఆ వెలుతురు నేరుగా కుండ నోట్లోకి పడేది. పిట్టకు నిద్ర కావాలని ఎవరికి తెలుసు! చీకట్లో భయపడుతుందని నేనే కుండను ఇంకా బల్బు వైపుకు జరిపేదాన్ని.

మూడో ఏట దాని మెడ చుట్టూ ఎర్రదారం కట్టినట్టు కంఠి వచ్చింది. క్రిస్మస్ పోయి ఎండ ఇంకా ముదరని రోజులవి. అప్పటి నుంచి దాని చేష్టలు మారాయి. నా ముందర ఒక కాలెత్తి వంగి వంగి నడిచేది, కళ్ళలో నల్లగుడ్లు చిన్నవై పెద్దవై చిన్నవయ్యేవి. కుండ దగ్గరికి చేయి పోతే రక్తం కళ్ళజూసేది. అన్నిటికంటే మా ఆయనంటే పడేది కాదు. ఆయన షిఫ్టు దిగి నా పక్కన కూర్చుంటే చాలు, గూట్లోంచి దూసుకొచ్చి చెవి పట్టుకునేది.

"నా ఇంట్లో నాకే కూచునేకి తావు ల్యాకపోయె," అని ఆయన తువ్వాలు తలకు చుట్టుకొని అన్నం తినేవాడు.

"నువ్వు దూరంగా కూచోన్నా. వదినకు అదే పెద్ద మొగుడు, నువ్వు చిన్న మొగుడివి," అని మా ఆడబిడ్డ పడీ పడీ నవ్వేది.

అందరమూ నవ్వాము. ఆ ఏడే నాకు కూతురు పుట్టింది, ఇప్పుడు నేనున్నది ఆ కూతురింట్లోనే. పుట్టింటి నుంచి బిడ్డనెత్తుకొని వచ్చేసరికి మిట్టూ సంతోషంతో ఇల్లు ఎగిరిపోయేట్టు అరిచింది. నేను బిడ్డకు పాలిస్తుంటే భుజమ్మీద వాలి, తల ఊపి, మెడ సాచి, తిన్న సంగటంతా నా చేతి మీదికి కక్కింది. తుడిస్తే మళ్ళీ కక్కింది. రోజూ అదే. ఒక నాడు బిడ్డను పక్కకు తొయ్యబోయి బుగ్గ మీద గాటు పెట్టింది.

మా అత్త అప్పుడు బిడ్డను చూడవచ్చి ఉంది. "కక్కే పిట్టను బాలింత పక్కన పెట్టుకుంటారామ్మే? తెగులు తగిలిండాది దానికి. రేపు బిడ్డ కూడా కక్కితే యాడికి పోతావు?" అని ఆమె అన్నది. ఆమెను తప్పుపట్టను, అంతకు ముందు ఆమె ఇద్దరు బిడ్డలు వాంతులతోనే పోయారు. ఆ మాట నా కడుపులో పడింది. బిడ్డ ఏడ్చిన ప్రతిసారీ నోటివంక చూడడం మొదలైంది నాకు.

స్టేషను బయట అప్పుడప్పుడు ఒక చిలకజోస్యం ఆయన రైలు దిగి కూర్చునేవాడు. జోస్యం చెప్పించుకోవడం మన విశ్వాసానికి సరిపడదని, ఆ దారిన పోతే చీటీల వంక కూడా చూడని దాన్ని నేను. ఒక సోమవారం ఆడబిడ్డ బడికి పోగానే, బిడ్డను అత్తకు అప్పగించి పక్కింటికి పంపి, కుండకు గుడ్డ కట్టి, కుండతో సహా మిట్టూను ఎత్తుకుపోయి ఆయన ముందర పెట్టాను.

"శానా మచ్చికైంది గదమ్మా, ఎందుకిచ్చేస్తాండావు?" అన్నాడు. ఆయన కత్తెర తీసి, ఒకటీ రెండూ మూడూ అని తనలో తాను లెక్క పెట్టుకుంటూ రెక్క ఈకలు కత్తిరించాడు. వదిలిన వెంటనే అది ఎగరబోయి నేల మీద పడి, నడుచుకుంటూ వచ్చి నా అరచేతిలోకెక్కి, తల ఊపి, పొద్దున నేను పెట్టిన సంగటి నాకే పెట్టింది. చూశావా, అత్త చెప్పింది నిజమే, తెగులే ఇది, అని నాకు నేను చెప్పుకొని చేయి కొంగుకు తుడుచుకున్నాను. ఖాళీ కుండ పట్టుకొని ఇంటికి వచ్చాను.

దాన్ని ఇచ్చేశానని చెప్పి ఉంటే ఇంత కాలం మోయవలసి వచ్చేది కాదు. నిజం తెలిస్తే ఆ పిల్ల స్టేషనుకు పరుగెత్తుతుందని భయం. అందుకని అత్తకు కూడా ఎగిరిపోయిందనే చెప్పి, కుండను గూట్లో పెట్టి, నా చేత్తో నేనే కిటికీ తెరిచిపెట్టాను. సాయంత్రం ఆ పిల్ల వచ్చి గూట్లోకి చూసి నా మొహంలోకి చూస్తే, నేను అబద్ధం కూడా పూర్తిగా ఆడలేదు, ఒక ప్రశ్న వేసి వదిలేశాను.

"కిటికీ తెరిచుండాది పాపా. పొద్దున గడియ వేసినావా, ల్యాదా?"

పన్నెండేళ్ళ పిల్ల కిటికీ వంక చూసింది, తన చేతి వంక చూసుకుంది. "వేసినట్టే ఉండాది వదినా," అన్నది మెల్లగా. ఆ తర్వాత ఏడ్చింది. ఆ ఎండాకాలమంతా పొద్దున్నే కిటికీ బయట గట్టు మీద వేడి సంగటి ముద్ద పెట్టేది, మధ్యాహ్నానికి చీమలు పట్టేవి, నేను ఊడ్చేదాన్ని.

ఏడాది తర్వాత కడప బస్టాండులో బిడ్డను చంకనేసుకొని పోతుంటే వెనక నుంచి "వది...నా" అని వినబడింది. ఆ పిల్ల అప్పుడు కోడుమూరులో ఉంది, సెలవులకు పోయింది. నేను కొంగు మొహానికి అడ్డం లాక్కొని బస్సెక్కాను. మిట్టూ ఇంకొకసారి పిలిచింది. బస్సు కదిలేదాకా తల తిప్పలేదు.

ఇప్పుడు మా ఆడబిడ్డ కోడుమూరులోనే ఉంది, మనవలను ఎత్తుకుంది. చర్చి నుంచి వచ్చి ప్రతి ఆదివారం నాకు ఫోను చేస్తుంది. ఇంట్లోంచి కదిలేముందు కిటికీ గడియలన్నీ రెండేసి సార్లు లాగి చూస్తుందని, బస్సు దాకా పోయి వెనక్కి వచ్చిన రోజులున్నాయని, మనవలు నాయనమ్మకు 'గడియల జేజి' అని పేరు పెట్టారని ఆమె కోడలు నవ్వుతూ చెబుతుంటుంది. నేను కూడా నవ్వేదాన్ని. అవతల నా మొహం కనబడదు కదా.

గుడ్డలు తీసిన మర్నాడు పొద్దున నేనే ఫోను చేసి మొత్తం చెప్పాను, జోస్యమాయన, కత్తెర, కిటికీ, బస్టాండు, ఏదీ మిగల్చకుండా. అది కక్కింది తెగులుతో కాదని కూడా చెప్పాను. అవతల పాలు కాగుతున్న చప్పుడు వినబడుతూ ఉంది.

"అయితే ఆ పొద్దు నేను గడియ వేసినానా వదినా?" అన్నది.

"వేసినావు పాపా. నేను సూసినా."

"బస్టాండులో పిలిస్తే పలికినావా?"

"ల్యా."

"పాలు పొంగుతాండాయి," అని పెట్టేసింది.

ఆ ఆదివారం ఫోను రాలేదు. తర్వాతి ఆదివారం వచ్చింది, వాన గురించీ కొత్త పాస్టరు గురించీ మాట్లాడింది, ఆ సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆమె కోడలిని అడిగితే, ఇంకా రెండేసి సార్లు లాగి చూస్తూనే ఉందట. తప్పు నాదని చెప్పినంత మాత్రాన ఆ చేయి ఊరుకుంటుందా, అన్నేళ్ళు నేను నేర్పిన అలవాటు అది.

మన ఇళ్ళల్లో అప్పుడు పిట్టకూ బిడ్డకూ ఒకటే తిండి, ఒకటే దీపం, ఒకటే చీర గుడ్డ. అంతకంటే ప్రేమ ఎట్లా చూపాలో తెలియక, దాన్ని ఒక్క రాత్రి కూడా సరిగ్గా పడుకోనివ్వలేదు, నిద్రలేని దాని ప్రాణం నన్ను జత అనుకుంటే తెగులన్నాను. ఇప్పటి పిల్లలు వేళ చూసుకొని దీపం ఆర్పుతున్నారు. ఆరున్నరకు మనవరాలు చెప్పక ముందే టీవీ నేనే కట్టేస్తున్నాను ఈ మధ్య. ఆ చీకటి గది తలుపు బయట కుర్చీ వేసుకొని, లోపల రెక్కల చప్పుడు అణిగేదాకా కదలకుండా కూర్చుంటాను.