అవ్వ రాసిన ముప్పై

చిత్తూరులో బస్సు దిగగానే మామిడిపండ్ల వాసన తగిలి చిన్నప్పుడు అవ్వ గదిలో పెట్టిన పండ్ల బుట్ట గుర్తొచ్చింది. దాని మీద అవ్వ సుద్దతో 30 అని రాసింది. నేను లెక్కపెడితే పద్దెనిమిది పండ్లే ఉన్నాయి. ఆ గదిలోకి వెళ్లింది పిన్ని ఒక్కతే. రహస్యంగా ఆమె సంచి వెతికాను. చీరల మధ్య దువ్వెన తప్ప ఏమీ లేదు. అయినా అనుమానం తీరక, పండ్లు తగ్గాయని అవ్వకు చెప్పాను.

అవ్వ నవ్వింది. "పెద్ద పోలీసమ్మ బయల్దేరింది సూడు! పండ్ల మండీలో చేతికి మూడేసి, రెండు చేతులా ఆరేసి ఎత్తిన అలవాటే నాకు. మూడంటే మూడు ఆర్లు. పక్కన సున్నా ఉండాదంటే ఏమీ మిగల్లేదని. మీ ఆరుగురు పిల్లకాయలకీ తలా మూడు, సరిగ్గా వస్తాయి."

పంచేటప్పుడు పిన్ని నాకు మంచి పండ్లు ఏరి ఇచ్చింది. దువ్వెన తిరగేసి పెట్టానేమో, నేను సంచి వెతికినట్టు ఆమెకు అప్పుడే తెలిసిపోయిందేమోనని ఇప్పటికీ నాకు అనుమానమే.