కత్తిపీట జరిపిన చేయి

ఇరవై రోజుల కిందట, పొద్దున్నే నేరేడుచర్ల నుంచి బావ ఫోన్ చేశాడు. "అమ్మ పోయింది" అని మాత్రం అన్నాడు. ఆమె మా మేనత్త. కోదాడలో బస్సెక్కి, దారంతా ఆమె మాటలే తలచుకున్నాను.

అత్తమ్మ బడికి పోలేదు. నేను సెలవులకు వెళ్తే, "ఏం సదువుతున్నవో సెప్పు పుస్తకాల పురుగా, నాకు సమజయ్యేటట్టు" అనేది. నేను నీళ్లు నమిలితే, "తెల్వకుంటే తెల్వదను బిడ్డా. ముత్యాలు రాలుతయా?" అని నవ్వేది.

ఆమె మనవరాలికి నాలుగేళ్లు. మెడ నిలవదు. మిర్యాలగూడలో స్కాన్ చూసిన డాక్టరు, కడుపులో ఉన్నప్పుడే మెదడు సరిగా ఏర్పడలేదన్నాడు. ఎందుకో చెప్పలేకపోయాడు. ఊరు చెప్పింది. గ్రహణం నాడు తల్లి బెండకాయలు కోసిందట. అత్తమ్మా అదే నమ్మింది. ఆ తల్లి, మా బావ భార్య. నేను అక్కా అంటాను. అక్కను అప్పటినుంచి ఆ ఇంట్లో కత్తిపీట ముట్టనివ్వలేదు.

కిందటేడు నా ఎమ్మెస్సీ పాఠం చెప్తూ ఒక తప్పు చేశాను. "మెదడు తయారయ్యేటప్పుడు ఎంజైములు కోస్తాయి అత్తమ్మా" అన్నాను.

అత్తమ్మ అక్క వైపు తిరిగింది. "ఇన్నవా? సదువుకున్న పిల్ల గూడ కోతే అంటున్నది."

అక్క పాపను ఎత్తుకుని లోపలికి పోయింది.

నాకు నలుగురిలో గొంతు పెగలదు. ఆ రోజు పెగిలింది. మెదడు కణాలు పుట్టినచోటే ఉండవని, కదిలిపోయి వరసల్లో సర్దుకుంటాయని చెప్పాను. వాటికి దారి చూపే ప్రోటీన్లు కొన్ని కణాల బయట ఉంటాయి. వాటిని సరైన చోట కోయడం ఎంజైముల పని. "ఆ కోత లేకపోతేనే కష్టం. ప్రతి తల్లి కడుపులో జరిగేదే."

అత్తమ్మ ఆలోచించింది. "అంటే నారుకట్ట లెక్క. కట్టు తెంపకుంటే నాటెట్లేస్తం?"

"అవును."

"మరి మన పిల్లకు ఏడ తప్పింది?"

"తెల్వదు అత్తమ్మా. కత్తిపీటతో మాత్రం కాదు."

 అత్తమ్మ తన మంచం కింది కత్తిపీట తీసి వంటింటి గడప దాకా జరిపింది. "ఓ బిడ్డా, జర బెండకాయలు కొయ్యి. నా చేతులు గుంజుతున్నయి" అని అక్కను కేకేసింది. తప్పయిందని చెప్పడం ఆమెకు అంతే వచ్చు.

దశదినకర్మ నాడు చుట్టాలలో ఒకామె కత్తిపీట అందుకోబోయింది. అక్క ఇవ్వలేదు. పాపను ఎదురుగా చాప మీద పడుకోబెట్టి, పీట మీద కాలు మోపి, బెండకాయలు కోసింది. ముక్కలు గిన్నెలో టపటపా పడుతుంటే, పాప కళ్లు ఆ చప్పుడు వైపే ఉన్నాయి.